నీళ్లు తాగని అతిథులు

ఆఫ్రికా వెళ్లొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి ఉప్పుగూడ స్టేషన్ పక్కన చాయ్ హోటల్లో అందరిదీ ఒకటే ప్రశ్న. సింహాన్ని చూసినవా? ఏనుగును చూసినవా? చూడలేదు. మేము పోయిన వైపు సింహాలుండవు. నేను చూసినవి కొంగలు, పీతలు, తాబేలు పాకిన గుర్తులు, ఉల్లి మళ్లు, ఆ తర్వాత సముద్రం. ఈ చివరిదాన్ని చూడాల్సిన దానికన్నా ఎక్కువే చూశాను. ఇప్పుడు టీవీలో సముద్రం కనిపిస్తే చానల్ మారుస్తున్నాను.

మా చర్చి పత్రిక చూసుకునే టీచరమ్మ ఈ ప్రయాణం గురించి రాయమంది. విహారయాత్రలా సరదాగా రాయండి, పిల్లలు కూడా చదువుతారు అంది. సరదాగా రాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మా వదినను దారిలో ఆపి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఇది చదివాక ఆమెను అడగడం మానేస్తే అదే పదివేలు.

ఎందుకు పోయాం

మా అన్న సామ్యేలు కోల్డ్ స్టోరేజీ మెకానిక్. ఘనా దేశంలో, సముద్రం ఒడ్డున చేపలు దాచే ఒక గోదాములో పని దొరికితే పోయాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు. కరోనా కాలంలో అక్కడే జ్వరం పట్టి చనిపోయాడు. విమానాలు లేవు. అతను అద్దెకుండే గెస్ట్‌హౌస్ యజమానురాలు, ఆమె మేనమామ కలిసి పాస్టరును పిలిచి, ప్రార్థన చేయించి, ఊరి సమాధుల తోటలో మట్టి చేశారు. అది మాకు ఫోన్లో వీడియోగా చూపించారు. పెట్టె సగం దిగాక నెట్ ఆగిపోయి బొమ్మ నిలిచిపోయింది. వదినకు దక్కిన చివరి చూపు అదే.

మా వైపు సమాధుల తోటల్లో కొత్త చోటు దొరకడం కష్టం. అందుకని ఒక ఇంటివాళ్లను ఒకే గొయ్యిలో పెడతారు. ముందు పోయినవాళ్లు కింద, వెనక వచ్చేవాళ్లు పైన. అలాంటి గొయ్యి లోతుగా తవ్వాలి. మొగుడూ పెళ్లాలు ఒకే గొయ్యిలో ఉండడం మావాళ్లకు పెళ్లి ప్రమాణమంత గట్టి మాట. పోయిన ఏడాది వదిన గుండెకు స్టెంట్ పడింది. దవాఖానా నుంచి ఆటోలో ఇంటికి తీసుకొస్తుంటే, ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కకముందే మొదలుపెట్టింది.

"యాకోబూ, నాకు పిల్లలా జెల్లలా. నాకున్నదల్ల మీ అన్న. ఆయనను గాడ ఇసుకల ఒక్కన్ని పండవెట్టి, నన్ను గీడ మన్నుల వెడితె ఎట్ల? పోయి ఆయన ఎముకలు తెచ్చుకుందాం. మల్లేశుకు చెప్పి లోతుగ తవ్విపిస్త. కింద ఆయన, మీద నేను. గంతే, ఇంక నాకేం కోరిక లేదు."

మల్లేశు మా తోటలో గోతులు తవ్వే మనిషి. అతనితో ఆమె మరుసటి వారమే మాట్లాడేసింది కూడా.

నేను కంచన్‌బాగ్‌లో లోహాలు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసి రిటైరయ్యాను. పగుళ్లు వెతకడం నా పని. ఇంట్లో కూడా అదే పనని మా ఆవిడ అంటుంది. ఏది చూసినా ఎక్కడో మోసముందనే నా అనుమానం. కాగితాల సంగతి రాయను, చదివితే మీకూ బీపీ వస్తుంది. బయల్దేరే ముందు గెస్ట్‌హౌస్ ఆమెకు ఫోన్ చేసి, మా అన్న సమాధి బాగుందా అని అడిగాను. "మీరు రండి. కూర్చుని మాట్లాడుకుందాం" అంది. అంత అనుమానం మనిషిని, ఆ మాటలో మాత్రం నాకు మర్యాద తప్ప ఏమీ వినిపించలేదు.

టికెట్లు చేయించింది దబీర్‌పురాలో ఉండే నా దోస్తు సలీం భాయ్. టికెట్లతో పాటు సలహా కూడా ఇచ్చాడు.

"యాకోబ్ భాయ్, గాడ ఏమన్నా తిను, ఫికర్ లేదు. గని నీళ్లు మాత్రం బయటియి ముట్టొద్దు. సీల్ బాటిలే. మా బామ్మర్ది గట్లనే ఎవలో ఇచ్చిన్రని తాగి, పది దినాలు దవాఖాన్ల పడ్డడు. భాభీకి అసలే దిల్ కమ్జోర్. ఖసమ్ ఖావ్, నీళ్లు తాగనియ్యనని."

ఒట్టు వేశాను. వదిన కూడా వేసింది.

సముద్రం ఒడ్డు ఇల్లు

ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పునీటి మడుగు. రెంటి మధ్యన సన్నటి ఇసుక పట్టీ, దాని మీద రోడ్డు, రోడ్డు పొడవునా ఊళ్లు. ఒక చోట నిలబడి అటు తల తిప్పితే సముద్రం, ఇటు తిప్పితే మడుగు. ఇలాంటి చోట ఇల్లు కట్టుకునే ధైర్యం నాకైతే ఉండదు. మాకు మూసీ పొంగితేనే కంటి మీద కునుకుండదు.

గెస్ట్‌హౌస్ యజమానురాలి పేరు అబ్లా. ఆ దేశంలో పుట్టిన వారాన్ని బట్టి పేరుంటుందట, అబ్లా అంటే మంగళవారం పుట్టిన పిల్ల. భారీ మనిషి, మెల్లగా నడుస్తుంది. వదినను చూడగానే రెండు చేతుల్తో దగ్గరకు తీసుకుని, ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చింది. వదినకు మాట అర్థం కాకపోయినా ఏడుపు అర్థమైంది. ఇద్దరూ ఏడ్చారు. అన్న ఉన్న గది చూపించింది. ఇప్పుడందులో ఒక జర్మన్ జంట దిగి ఉంది. గోడకు అన్న కొట్టిన మేకు, దానికి వాళ్ల టోపీ.

తర్వాత పెరట్లో తాటాకు పందిరి కింద కుర్చీలు ఎదురెదురుగా వేశారు. అబ్లా మేనమామ వచ్చాడు. భుజం మీదుగా పెద్ద గుడ్డ చుట్టుకున్న ముసలాయన. అందరూ ఆయన్ని తోగ్బే అంటారు, తాత అని అర్థం. ఆయన కూర్చున్నాక, అబ్లా ఒక పళ్లెంలో రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి మా ముందు వంగి పట్టుకుంది.

వదిన నా వైపు చూసింది. "తాగద్దన్నడు గదా సలీం భాయ్?"

"తాగొద్దు" అన్నాను. చేతులు జోడించి వద్దని చెప్పి, సంచిలోంచి సీల్ బాటిల్ తీసి, నవ్వుతూ వాళ్లకు చూపించి, మూత తిప్పి వదినకిచ్చి, నేనూ రెండు గుక్కలు తాగాను. మాకు మర్యాదలేమీ తక్కువ కాలేదని చెప్పడానికి బొటనవేలు కూడా చూపించాను.

అబ్లా పళ్లెం అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. ముసలాయన ఆమెతో నెమ్మదిగా ఏదో అని, లేచి, మా ఇద్దరి చేతులూ తాకి వెళ్లిపోయాడు. సమాధి దగ్గరకు ఎప్పుడు పోదాం అని అడిగాను. "తోగ్బే పక్క ఊరికి ఒక చావుకు పోతున్నారు. వచ్చాక" అంది అబ్లా. "ఈలోపు మీరు అలసట తీర్చుకోండి. రేపు యావో మిమ్మల్ని మడుగు చూపించడానికి తీసుకెళ్తాడు."

యావో ఆ గెస్ట్‌హౌస్‌లో అతిథుల్ని తిప్పే మనిషి. నా వయసుకు కాస్త తక్కువ. అక్కడి చావులు వారం రోజులు సాగుతాయని అప్పుడు నాకు తెలియదు. మనం పొద్దున పోతే సాయంత్రానికి మట్టి చేస్తాం. వాళ్లు శవాన్ని మార్చురీలో వారాల తరబడి ఉంచి, చుట్టాలందరికీ కబురుపెట్టి, నలుపూ ఎరుపూ బట్టలు కుట్టించుకుని, పోయిన మనిషి ఫోటోతో పోస్టర్లు వేసి, అప్పుడు చేస్తారు. రోడ్డు పొడవునా ఆ పోస్టర్లే. సినిమా వాల్‌పోస్టర్లనుకుని వదిన ఒకదాన్ని చాలాసేపు చూసింది.

మడుగు మీద

మరునాడు పొద్దున్నే పడవెక్కించారు. మోటారు లేదు, లోతు లేదు. యావో ఒక పొడవాటి గెడతో అడుగును నెడుతూ పోయాడు. ఆ నెలల్లో ఎడారి వైపు నుంచి దుమ్ము గాలి వస్తుంది, సూర్యుడు పాలిపోయి కనిపిస్తాడు. తెల్ల కొంగలు, బూడిద కొంగలు, నీళ్ల మీద గుంపులుగా చిన్న పిట్టలు. ఈ చిన్నవాటిలో చాలా మటుకు చలి దేశాల నుంచి వచ్చి, వేసవికి తిరిగి పోతాయని యావో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను.

"పిట్టలకు నయ్యం. వీసాలు లేవు, ఇంటర్వ్యూలు లేవు" అంది వదిన. ఆ ప్రయాణంలో ఆమె నవ్విన నవ్వులు తక్కువ. వాటిలో ఇదొకటి.

మడుగు అంచున ఆడవాళ్లు ఎండిన చోట ఉప్పు గీకుతున్నారు. ఒకామె గుప్పెడు ఉప్పు వదిన చేతిలో పోసింది. వదిన తన హిందీలో "బహుత్ అచ్ఛా, శుక్రియా" అంది. ఆమె తన భాషలో ఏదో అంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి తెలిసినట్టే తలలూపుకున్నారు. ఉప్పు మన రాతి ఉప్పు కన్నా తెల్లగా ఉంది, చేదు ఎక్కువ.

నాకు మాత్రం ఈ తిరుగుడు నచ్చలేదు. మేము వచ్చిందేంటి, చేస్తున్నదేంటి? తిరుగుదారిలో, సమాధుల తోట ఎక్కడుంది, దారిలో చూపించు అని యావోను అడిగాను. అతను గెడ ఎత్తి, దించి, మళ్లీ ఎత్తాడు. "తోగ్బే వస్తారు" అన్నాడు.

"వీళ్లు ట్రిప్పుల పేరుతోటి మనల్ని రోజులు నడిపిస్తున్నరు వదినా. బిల్లు పెంచుతున్నరు" అన్నాను.

"నీకెప్పుడు గదే లొల్లి. చావింటికి పోయిన ముసలాయనను గుంజుకరమ్మంటవా? ఇన్నేండ్లు ఆగిన, ఇంకొక్క దినం ఆగలేనా?"

నది కలిసే చోటు

మరుసటి రోజు కారులో చాలా దూరం తీసుకెళ్లారు. వోల్టా అనే పెద్ద నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ మోటారు పడవ. దీవుల చుట్టూ మడ చెట్లు, వేళ్లన్నీ నీళ్లలోంచి పైకి. ఒక దీవి మీద చెక్క బల్లల దగ్గర తిండి. అన్నం అడిగితే లేదన్నారు. బంకూ అని, మొక్కజొన్న పిండి పులియబెట్టి ఉడికించిన ముద్ద ఇచ్చారు. పక్కన నిప్పుల మీద కాల్చిన చేప, నూరిన పచ్చి మిరప. వదిన ఒక ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, "ఏ, పులిసిన గటకే ఇది" అని తీర్పు చెప్పేసింది. ఎండు చేపలు, మిరపకాయలు కలిపి నూనెలో మగ్గించిన నల్లటి కారం ఒకటుంది, దాన్ని మాత్రం రెండోసారి అడిగి వేయించుకుంది. "గిది మన ఎండు రొయ్యల తొక్కుకు అక్క." ఒక ప్లేటు మన డబ్బుల్లో ఏడొందల దాకా పడింది. ఆ డబ్బుతో ఉప్పుగూడలో ఇద్దరం రెండు పూటలా బిర్యానీ తినొచ్చు. ఆ మాట నేను పైకే అన్నాను. వదిన, "మీ అన్న గిదే తిన్నడు కదా ఇన్నేండ్లు" అంది. తర్వాత నేను ధరల గురించి మాట్లాడలేదు.

నది అవతల ఒడ్డున ఇసుక మీద తాబేలు పాకిన గుర్తులు చూపించారు. లారీ టైరు గుర్తుల్లా ఉన్నాయి. పెద్ద తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి పోతాయట. అక్కడి కాపలావాళ్లు ఆ గుడ్లను తవ్వి తీసి, లోపలికి తీసుకొచ్చి, కంచె వేసిన చోట మళ్లీ పాతిపెడతారు. ఎందుకని అడిగాను. "సముద్రం ఏటేటా లోపలికి వస్తోంది. అక్కడే వదిలేస్తే పోతాయి" అన్నాడు కాపలా మనిషి. ఇంకేదో చెప్పబోయాడు. యావో అతనితో వాళ్ల భాషలో గట్టిగా ఒక మాటన్నాడు. అతను చెప్పడం ఆపేశాడు.

పగుళ్లు వెతికి జీతం తీసుకున్నవాణ్ని. ఆ పగులు నా కళ్ల ముందే ఉంది. నేను దాన్ని చూసి, డ్రైవర్లకూ గైడ్లకూ మధ్య కమీషన్ గొడవ అనుకున్నాను.

ఉల్లి మళ్లు, వల

తిరుగుడు మొదలైన మూడో రోజు కూడా ముసలాయన రాలేదు. "ఇవాళ చిన్న ట్రిప్పే, ఊరి పక్కనే" అని అబ్లా మమ్మల్ని ఉల్లి మళ్లకు పంపింది. ఉత్త ఇసుకలో, మంచమంత మళ్లు కట్టి, చిన్న ఎర్ర ఉల్లి పండిస్తారు. బావిలోంచి నీళ్లు తోడి డబ్బాలతో తడుపుతారు. మలక్‌పేట గంజ్ మార్కెట్లో మహబూబ్‌నగర్ ఉల్లి బస్తాలు చూసిన కళ్లకు ఈ ఉల్లి గోళీకాయలంత. వాసన మాత్రం ఘాటు. ఒక రైతు ఒక కట్ట ఇచ్చి డబ్బు తీసుకోలేదు. వదినను చూసి యావోతో ఏదో అన్నాడు. ఏమన్నాడని అడిగితే, "సామ్యేల్ భార్యా అని అడిగాడు" అన్నాడు. ఊరందరికీ అన్న తెలుసన్నమాట. వదిన ముఖం వెలిగింది. రైతు మాత్రం ముఖం దిగిపోయి, పని చూసుకుంటున్నట్టు వంగిపోయాడు.

తిరిగొస్తుంటే సముద్రం ఒడ్డున జనం పోగై ఉన్నారు. వల లాగుతున్నారు. ఒక వైపు పాతిక మంది, రెండో వైపు పాతిక మంది, మధ్యలో సముద్రం. పాట పాడుతూ, కాళ్లు ఇసుకలో గుచ్చి, అడుగు వెనక్కి అడుగు వెనక్కి. ఎవరు తాడు పట్టినా వాటా ఇస్తారట. వదిన కారు ఆపమంది.

"ఇక్కడొద్దు. ముందుకు పోతే ఇంకో చోట లాగుతారు, అక్కడ బాగుంటుంది" అన్నాడు యావో.

"గీడ లాగుతున్నరు గదా, ముందుకెందుకు?" అని ఆమె దిగిపోయింది. చీర కుచ్చిళ్లు నడుములో దోపి తాడు పట్టింది. స్టెంట్ పడ్డ మనిషివి, వద్దు అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆడవాళ్లు ఆమెకు చోటిచ్చి, పాట ఎక్కడ లాగాలో ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెయ్యి తట్టి చూపించారు. వల ఒడ్డుకొచ్చేసరికి ఆమె చెమటతో తడిసిపోయి, కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వుతోంది. వల్లో పెద్దగా ఏమీ లేదు. వెండి రంగు చిన్న చేపలు, చాలా ప్లాస్టిక్. వాటా కింద ఆమె కొంగులో నాలుగు గుప్పెళ్లు పోశారు.

యావో కారు దిగలేదు. మడుగు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ చేపలు ఆ సాయంత్రం వదిన స్వయంగా వేయించింది. సంచిలో తెచ్చుకున్న కారం, పసుపు, ఆ ఉల్లి, ఆ ఉప్పు. వంటింట్లో వాళ్లు ముక్కులు ఎగబీల్చారు. జర్మన్ జంట కూడా తిన్నది. యావో తినలేదు. అబ్లా కడుపు బాగాలేదంది. చాలా రోజుల తర్వాత వదిన కడుపునిండా తిన్నది. మీ అన్నకు గిట్లనే కరకర వేగాలె అని చెబుతూ తిన్నది.

నీళ్లు

నాలుగో రోజు పొద్దున నేను అబ్లాతో గొడవ పెట్టుకున్నాను. ఫ్యాక్టరీ ఇంగ్లీషులో, గొంతు పెంచి. మేము పక్షులు చూడ్డానికి రాలేదు, మా మనిషి కోసం వచ్చాం, మీ ట్రిప్పులకు ఎంతయిందో చెప్పండి, కట్టేస్తాం, మమ్మల్ని తోటకు తీసుకెళ్లండి అన్నాను.

ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. "ట్రిప్పులకు డబ్బా?" అంది. "సామ్యేల్ భార్యను ఊరికే గదిలో కూర్చోబెట్టి ఉంచనా?" ఆ వెంటనే, "మీరు నీళ్లు తాగలేదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె ఓపిగ్గా చెప్పింది. వచ్చినవాళ్లకు ముందు నీళ్లివ్వాలి. వాళ్లు తాగాక, ఇంటి పెద్ద, ఇక్కడంతా క్షేమం, మీరు ఏ పని మీద వచ్చారని అడగాలి. వాళ్లు చెప్పాలి. అప్పుడు ఇంటి పెద్ద తన వైపు వార్త చెప్పాలి. నీళ్లు తాగనివాళ్లు ఇంకా రానట్టే. రానివాళ్లను ఏమీ అడగకూడదు. అడగనివాళ్లకు వార్త చెప్పకూడదు. చావు వార్త అసలే చెప్పకూడదు. "ఈమె ఇంకా వినడానికి సిద్ధంగా లేదు, కాస్త తిప్పండి, ఊరిని చూడనివ్వండి, గుండె నిలబడనివ్వండి అని తోగ్బే చెప్పి పోయారు. మీరిద్దరూ రోజూ మీ బాటిల్ నీళ్లే తాగుతున్నారు. నేనేం చెయ్యను?"

"చావు వార్త ఏంటి? మా అన్న చనిపోయి ఎన్నేళ్లయింది!"

అబ్లా మెట్ల మీంచి లేచింది. ఫోన్ తీసి ముసలాయనకు కబురు చేసింది.

ఆయన మధ్యాహ్నానికి వచ్చాడు, చావింటి నలుపూ ఎరుపూ గుడ్డలోనే. అవే కుర్చీలు, అదే పందిరి. అబ్లా పళ్లెం తెచ్చింది. నేను వదినతో, "తాగాలె వదినా, తాగితేనే మాట్లాడ్తరట" అన్నాను. ఆమె గ్లాసు తీసుకుని, దించకుండా మొత్తం తాగేసింది. నేనూ తాగాను. మామూలు నీళ్లే. ముసలాయన అడిగాడు, అబ్లా ఇంగ్లీషులో చెప్పింది: ఇక్కడంతా క్షేమం. మీరు ఏ పని మీద వచ్చారు? అన్నీ తెలిసి కూడా అడగాలి కాబట్టి అడిగాడు. మా అన్న ఎముకలు ఇంటికి తీసుకుపోవడానికి వచ్చాం అని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. అబ్లా ముక్కలు ముక్కలుగా చెప్పింది. సమాధుల తోట సముద్రం ఒడ్డున ఉండేది. ఊరివాళ్లకు లోపలి వైపు, బయటివాళ్లకు ఒడ్డు వైపు చోటిచ్చేవారు. పోయిన వానాకాలంలో సముద్రం ఒడ్డు కోసుకుంటూ వచ్చింది. ముందు కొబ్బరి చెట్లు, తర్వాత గోడ, తర్వాత మొదటి వరసలు. లోపలి వైపు వాటిని కొన్ని తవ్వి తీసి వేరే చోట పెట్టగలిగారు. ఒడ్డు వైపు వరసలను తీయడానికి మనిషి దిగలేకపోయాడు. సామ్యేల్‌ది మొదటి వరస. నేను మీ మనిషిని భూమికి అప్పజెప్పాను, భూమి నిలబెట్టుకోలేదు, నన్ను క్షమించండి అన్నాడు. ముసలాయన లేచి మా ముందు తల వంచాడు.

వదిన నా మొహమే చూస్తోంది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ వార్త ఆమెకు తెలుగులో చెప్పాల్సిన మనిషిని నేనే. నాకు అంతకన్నా కష్టమైన పని జీవితంలో రాలేదు.

"అన్న సమాధి లేదు వదినా."

"లేదంటె ఏంది? జాగ మార్చిన్రా?"

"సముద్రంల కలిసిపోయింది. పోయిన వానల్ల."

"ఎముకలు తీసి పెట్టిన్రు గదా?"

"లేదు వదినా. దొరకలె."

ఆమె ఏడవలేదు. చేతిలో ఖాళీ గ్లాసును జాగ్రత్తగా పళ్లెంలో పెట్టింది. "ఏడ ఉండె? ఆ జాగ చూపియ్యమను" అంది.

ఆ చోటు

యావో తీసుకెళ్లాడు. తోగ్బే కూడా కారెక్కాడు. దారి నాకు గుర్తుంది, ఉల్లి మళ్ల పక్కనుంచి. కారు ఆగింది. నిన్న వదిన ఆపమంటే యావో ఇక్కడొద్దన్న చోటే. ఇవాళ వల లాగడం లేదు, పడవలు లోపలికి పోయాయి. ఒడ్డు మీద విరిగిన గోడ ముక్కొకటి, మొదళ్లు మాత్రం మిగిలిన రెండు కొబ్బరి చెట్లు. యావో చెయ్యెత్తి అలల అవతల చూపించాడు. నిన్నటి వల తాడు ఎక్కడికి పోయిందో అక్కడే.

"నా తల్లి కూడా అక్కడే" అన్నాడు. "ఇక్కడి చేప నేను తినను. మిగతావాళ్లు ఏం తిని బతుకుతారు? వాళ్లు తింటారు. నేను ఎవరినీ తప్పు పట్టను. నిన్నే మీకు చెప్పాలనుకున్నాను, కానీ చెప్పాల్సింది నేను కాదు."

ఇది కూడా వదినకు చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తూనే ఉన్నాను. చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ చెయ్యి ఎటు చూపించిందో ఆమె చూసింది. రెండడుగులు పక్కకు నడిచి, ఇసుకలో కూలబడి, వాంతి చేసుకుంది. లోపల ఏమీ లేకపోయినా చాలాసేపు చేసుకుంది. నేను వీపు రాస్తూ నిలబడ్డాను.

నాకు కోపం ఆగలేదు. తాబేలు గుడ్లను తవ్వి లోపలికి తెచ్చారు కదా, మా అన్నను ఎందుకు తేలేదు? ఫోన్లో ఒక్క మాట చెబితే ఏం పోయేది? ఇంత దూరం, ఇంత ఆశ పెట్టుకుని వచ్చేవాళ్లమా? అక్కడ ఒడ్డు మీదే, ఆ పెద్ద మనిషి వినేలా తెలుగులోనే తిట్టాను. ఆయన నిలబడి విన్నాడు. ఆయనకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. ఈ కోపం ఇప్పటికీ ఉంది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోతున్నాను. అవి రాత్రంతా నీళ్లు ఎగిరిపడ్డ రోజులని, ఆ ఒడ్డున బతికున్నవాళ్లను లోపలికి తెచ్చుకోవడమే పెద్ద పనయిందని తర్వాత అబ్లా చెప్పింది. నమ్మాను. నమ్మినా కోపం పోలేదు.

ముసలాయన వంగి ఒక గుడ్డలో ఒడ్డు ఇసుక కొంచెం మూట కట్టి వదినకు ఇవ్వబోయాడు. ఆమె మూట ముట్టలేదు.

"ఇసుక ఏం జేసుకుంట? ఇసుక మీ అన్న గాదు" అంది నాతో. ఆయనకు చెప్పక్కరలేదు. ఇసుక అక్కడే ఒంపేసి, గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

మిగిలిన రోజులు ఆమె గది దాటి రాలేదు. అబ్లా తలుపు బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను బయట పందిరి కింద. రోజూ పొద్దున నీళ్లు తెచ్చేవారు, తాగేవాళ్లం.

ఉప్పుగూడ

తిరిగొచ్చాక అందరూ చూడ్డానికి వచ్చారు. సలీం భాయ్ వచ్చి విన్నాడు. నీళ్ల సంగతి చెబితే చెవులు పట్టుకుని, "నా వల్లనే అయ్యిందా భాయ్?" అని ఏడ్చాడు. నీ వల్ల కాదు, మొదటి రోజు తాగి ఉంటే మొదటి రోజే తెలిసేది, అంతే తేడా అన్నాను. మూడు రోజులు ఆమె ఆశతో బతికింది కదా అని అతనన్నాడు. ఆ మూడు రోజులు ఆమెకు మేలు చేశాయో కీడు చేశాయో నాకు తెలియదు. మా ఇంట్లో చేపలు వండడం మానేశాం.

మా తోటలో ఈస్టరుకు సమాధుల పండుగ. ముందు రోజే సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, తెల్లవారుజామున కొవ్వొత్తులతో పోతాం. వస్తుందనుకోలేదు, కానీ వదిన వచ్చింది. మా అమ్మానాన్నల దగ్గర కొవ్వొత్తి పెట్టింది. ఆ పక్కన ఖాళీగా ఉన్న చోటు, తనకూ అన్నకూ కలిపి ఆమె ముందే అడిగి పెట్టుకున్నది. అక్కడ అన్న పేరుతో ఒక రాయి పెట్టిద్దాం, పేరైనా ఉంటుంది అని పాస్టరు గారన్నారు.

"వద్దయ్యగారూ" అంది వదిన. "ఆయన గీడ లేడు. లేని మనిషి పేరు రాసి పెడితె వచ్చినోళ్లు పూలు వెడ్తరు. అబద్ధానికి పూలెందుకు?"

పాస్టరు గారు ఆశ వదులుకోవద్దని, పునరుత్థానం రోజున సముద్రం కూడా తనలోని మృతులను అప్పగిస్తుందని చెప్పారు. ఆమె అవునని తలూపింది. వినయంగా ఊపింది. నమ్మినట్టు నాకనిపించలేదు. చుట్టూ పిల్లలు కొవ్వొత్తులు ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టుకుని తిరుగుతున్నారు. ఇంటివాళ్లు ఇంటివాళ్ల దగ్గర నిలబడి పాటలు పాడుతున్నారు.

బయటకొస్తుంటే గేటు దగ్గర మల్లేశు కనిపించి నమస్తే పెట్టాడు. పోయిన ఏడాది మాట్లాడిన పని గురించి అడగలేక అడిగాడు, ఎప్పుడు తవ్వమంటరమ్మా అని. నేను చెయ్యూపి వద్దని సైగ చేయబోయాను. వదిన ఆగింది.

"ఇప్పుడేం తవ్వకు మల్లేశూ. నేను పోయినంక తవ్వుదువు" అంది. "లోతు అవసరం లేదు. ఒక్కదాన్నే."